నా నవలల్లో బొక్కల వాసన

మా ఇంటి వెనక బొక్కల కుప్ప ఉండేది. బొక్కలంటే ఎముకలు, చచ్చిన పశువులవి. అడవి పల్లెల్లో ఎద్దో బర్రో చస్తే ఊరి బయట పడేసేవాళ్లు. గద్దలూ కుక్కలూ తినగా మిగిలింది ఎండకు తెల్లబడ్డాక ఏరి, గంపల్లో, గోనెసంచుల్లో మా ఇంటికి తెచ్చేవాళ్లు. నాన్న కాంటా వేసి తీసుకుని వెనక దొడ్లో పోయించేవాడు. కుప్ప మా రేకుల కప్పును అందుకునేసరికి లారీ వచ్చేది. అవి ఎక్కడికి పోయేవో నాకు తెలియదు. ఎరువుకని ఒకరు, జిగురుకని ఒకరు, మందుగోలీల పైపొరకని ఒకరు చెప్పేవాళ్లు. ఆ చివరి మాట విన్న దగ్గర్నుంచి జ్వరమొచ్చినా నాకు గోలీ మింగుడు పడేది కాదు.

భద్రాచలం పోయే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట రోడ్డు పక్కన ఉండే ఊరు అది. అమ్మానాన్నలది అసలు మధిర వైపు. నాన్న లారీ ఆఫీసులో గుమాస్తాగా ఇటు వచ్చాడు. ఆ ఆఫీసు మూతబడ్డాక వెనక్కి పోవడానికి మొహం చెల్లక ఈ పనిలో దిగాడు. మా వాళ్లలో అంతకుముందు ఎవరూ చేసిన పని కాదు. నాన్న ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే "వ్యాపారం" అని చెప్పాలని అమ్మ నాకు నేర్పింది. దేని వ్యాపారం అని అడిగితే మాట మార్చాలని కూడా నేర్పింది.

నాన్నకు మాత్రం ఏ బాధా లేదు. "ఎండిన బొక్కకు వాసనేంది? మీ ముక్కులల్లనే ఉంది వాసన" అనేవాడు. పూర్తిగా ఎండినవి ఎవరు తెచ్చారు కనుక? కీళ్ల దగ్గర కండ నల్లగా అంటుకుని ఉండేది. కొమ్ముల మొదట్లో చీములాంటిది కారేది. పుర్రెను తిరగేస్తే కళ్ల గుంతల్లోంచి పురుగులు రాలేవి. ఎండాకాలంలో ఆ వాసన పొడిపొడిగా గొంతుకు అడ్డం పడేది. వానాకాలంలో తడిసి, ఒక రకమైన తీపి వచ్చేది. ఆ తీపినే నేను భరించలేకపోయేదాన్ని. అన్నంలో, పులుసులో, తలగడలో, ఉతికి ఆరేసిన పరికిణీలో అదే తీపి. బాగా ముగ్గిన పనసపండు కోసిన ఇంట్లో నేను ఇప్పటికీ కూర్చోలేను.

బడిలో నా బెంచీ మీద నాతో ఎవరూ నిలవలేదు. ఒకరు కొంచెం జరిగేవాళ్లు, ఇంకొకరు ముక్కు తుడుచుకున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. తిట్టిన పిల్లల కంటే మంచితనం చూపించిన టీచరమ్మ నాకు ఎక్కువ రోతగా గుర్తుంది. ఆమె నన్ను తలుపు పక్కన కూర్చోబెట్టి, "ఇక్కడ నీకు గాలి మంచిగ ఆడుతది బిడ్డా" అన్నది. గాలి నా కోసం కాదని, నా మీదుగా వచ్చే గాలి మిగతావాళ్లకు తగలకుండా బయటికి పోవడం కోసమని నాకు ఆ వయసుకే అర్థమైంది. ఆ రోజు నుంచి తలుపు పక్క కూర్చుని అందరి వీపులూ చూడటం నా పని అయింది. ఎవరు ఎవరి నుంచి జరుగుతున్నారు, ఎవరు జరగలేక ఊపిరి బిగబట్టుకుని నవ్వుతున్నారు, ఇవన్నీ చూసేదాన్ని. పాఠం ఏమీ ఎక్కేది కాదు.

మా పెద్దమ్మ కూతురి పెళ్లికి మధిర దగ్గర ఊరికి వెళ్లాం. పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. బయల్దేరే ముందు అమ్మ నాకు కుంకుడుకాయతో రుద్ది రుద్ది, తల మండేదాకా తలంటి పోసింది. తనూ పోసుకుంది. పెట్టెలో దాచిన చీర తీసి కర్పూరం బిళ్లలు వేసి మడిచిపెట్టుకుని, అక్కడ దిగాక ఒకరింట్లో కట్టుకుంది. పెళ్లింట్లో పెద్దమ్మ ఎదురొచ్చి, అమ్మ భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఆ చేత్తోనే జడ సవరించుకుంది.

భోజనాల వేళకు మేం పందిట్లోకి వెళ్తుంటే ఆమె ఆపింది. "మీకు వెనక వసారాలో విడిగా ఆకులు వేయించానే చెల్లీ. ఆ జనంలో ఇబ్బంది పడతారని."

"అట్లానే అక్కా" అంది అమ్మ.

వెనక వసారాలో మేం ముగ్గురమే. ఎదురుగా అంట్లు తోమే చోటు. తొక్కిన విస్తళ్ల మీద ఈగలు ముసురుతున్నాయి. వడ్డించే అతను ప్రతి వంటకాన్నీ ఆకుకు అడుగు పైనుంచే వదిలాడు. నాన్న ఇష్టంగా తిన్నాడు, గారెలు మళ్లీ అడిగి వేయించుకున్నాడు. అమ్మ తల ఎత్తకుండా ఆకు మొత్తం ఖాళీ చేసింది. వదిలేస్తే ఏమనుకుంటారో అని భయం. తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి అంతా కక్కేసింది. కండక్టర్ తిట్టిపోశాడు. అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

మర్నాడు పొద్దున అడవి లోపలి కోయ పల్లె నుంచి ఒక ముసలావిడ గంపతో వచ్చింది. ఎప్పుడూ వచ్చే మనిషే. నన్ను చూస్తే కొంగు ముడి విప్పి ఎండిన ఇప్పపువ్వు చేతిలో పెట్టేది. గంప దించి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు అడిగింది. అమ్మ చెంబుతో వచ్చి అరుగు కింద నిలబడింది. ఆవిడ దోసిలి పట్టింది. అమ్మ చెయ్యి ఎంత దూరం చాపగలదో అంత దూరం చాపి, పైనుంచి పోసింది. రెండో చేత్తో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. దోసిట్లో పడ్డవి కొన్నే, మిగతావన్నీ ఆవిడ మెడ మీదా రొమ్ము మీదా కారాయి.

ఆవిడ నవ్వి, "తానం చెయ్యనీకి కాదమ్మా, తాగనీకి అడిగిన" అన్నది.

అమ్మ వినపడనట్టు లోపలికి పోయింది. ఆవిడ వెళ్లాక అరుగు కడిగించింది. కడిగింది నేనే. నిన్న వసారాలో తలొంచుకుని తిన్న మనిషీ, ఇప్పుడు అరుగు కడిగించిన మనిషీ ఒకరేనని నాకు తట్టినప్పుడు చేతిలో చీపురు ఆగిపోయింది. కోపమూ కాదు, జాలీ కాదు. రోత పుట్టింది. ఆ కుప్ప మీద ఏ పుర్రెను చూసినా అంత రోత పుట్టలేదు.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. లారీ రాలేదు. కుప్ప తడిసి, కింద నల్లటి రసం ఊరి, వీధిలోకి పాకింది. అదే సమయంలో వీధిలో పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఇంటికొకరు దవాఖానాలో పడ్డారు. నేనూ పడ్డాను. ఒక సాయంత్రం వీధిలో మగవాళ్లంతా మా వాకిట్లోకి వచ్చారు. అందరి ముక్కులకూ తువ్వాళ్లే. ముందు నిలబడ్డది కిరాణా కొట్టాయన.

"ఏందయ్యా గిది? పిల్లగాండ్లు సస్తున్నరు. ఈ కుప్పను జల్దీ తీసెయ్యి" అన్నాడు.

"అవ్, తీసేస్తనే. లారీ దొరకాలె గదా" అన్నాడు నాన్న.

"లారీ గీరీ నాకు తెల్వది. గిట్లనే ఉంచితే మేమే గోదాట్ల కలుపుతం. బొక్కల్నీ, నిన్నూ."

వెనక నుంచి ఎవరో నవ్వారు. అమ్మ తలుపు వెనక నిలబడి వింటోంది. నాన్న ముఖంలో నేను మొదటిసారి సిగ్గు చూశాను. వాసన ఆయనకూ వస్తోందని, ఎప్పుడూ వస్తూనే ఉందని నాకు అర్థమైంది. రాదని అన్నది మా కోసమో, ఆయన కోసమో అడగలేదు.

ఎక్కడో బతిమాలి ఒక లారీ తెచ్చాడు. కూలీలు ఆ తడి ఎముకలు ముట్టుకోం అన్నారు. నాన్నే మోకాళ్ల దాకా దిగి పారతో ఎత్తాడు. అడుక్కి పోయేకొద్దీ పురుగు తెల్లగా, అన్నం పొంగినట్టు పొంగింది. వీధంతా మేడల మీద నిలబడి చూసింది. చివరి గంప లేవగానే కుప్ప కింద ఇన్నేళ్లూ కాపురమున్న ఎలుకలు, ఒక్కోటి పిల్లి పిల్లంత, నాలుగు దిక్కులకూ లేచాయి. అరుపులు, తలుపులు వేసుకున్న చప్పుళ్లు. అవి ప్రతి ఇంటి తూములోంచీ లోపలికి దూరాయి.

రోగం మాత్రం తగ్గలేదు. కుప్ప పోయాక కూడా పిల్లలు దవాఖానాకు పోతూనే ఉన్నారు. ఆఖరికి పంచాయతీ వాళ్లు తవ్వి చూస్తే, కిరాణా కొట్టు వెనక మురికికాలవలో మంచినీళ్ల పైపు పగిలి ఉంది. వీధంతా తాగింది ఆ కాలవ నీళ్లు. ఆ కాలవలోకి పోయేది వాళ్ల దొడ్ల నీళ్లే. పైపు మార్చాక రోగం ఆగిపోయింది. తువ్వాళ్లు కట్టుకుని వచ్చినవాళ్లలో ఒక్కరైనా మళ్లీ మా గడప దగ్గరికి వస్తారని అమ్మ ఎదురుచూసింది. కిరాణా కొట్టాయన వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, "బొక్కలైతే తీసినవ్. మరి గీ ఎలుకలను ఎవలు తీస్తరయ్యా? నా బియ్యం బస్తాలన్నీ కొరికి పెట్టినయ్" అని అడిగి పోయాడు.

ఆ తర్వాత మేం మణుగూరు చేరాం. బొగ్గు గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు కింద నాన్నకు కాపలా పని దొరికింది. అక్కడ ఆరేసిన బట్టలు నల్లబడేవి, తుమ్మితే రుమాలు నల్లబడేది. నాన్న పొద్దున్నే దగ్గి ఉమ్మితే తారులా పడేది. అమ్మ మాత్రం అక్కడ సుఖంగా ఉంది. పక్కింటివాళ్లు వచ్చి మంచం మీద కూర్చునేవాళ్లు, టీ తాగేవాళ్లు, పేరంటానికి పిలిచేవాళ్లు. బొగ్గు మసి అందరి మీదా పడుతుంది కాబట్టి దానితో పరువు పోదు. నాన్న ఆ దగ్గుతోనే పోయాడు. ఎముకల వాసన ఆయనను ఏమీ చెయ్యలేదు.

నేను చదువుకుని, ఖమ్మంలో ఉద్యోగం తెచ్చుకుని, పెళ్లయి, ఒక పిల్ల పుట్టాక మొదటి నవల రాశాను. అడవి గురించే రాశాను. వెన్నెల, ఇప్పపూలు, వాగు, ఆ వాగులో కాళ్లు ఆడిస్తూ పాడే కల్మషం లేని అమ్మాయి. అందులో ఒక ముసలావిడ కూడా ఉంది. అడవి తల్లిలా పెట్టాను, చేతికి మూలికల మూట ఇచ్చాను, అడగకపోయినా నీతులు చెప్పించాను. నవలకు బహుమతి వచ్చింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని రోజూ కొంచెం చదివి పూర్తి చేసింది.

"బాగా రాశావే. మన సంగతులేం రాయలేదు, అదే మంచిదైంది" అంది. ఆమె ముఖంలో అంత నిశ్చింత నేను ఎన్నడూ చూడలేదు.

నన్ను ఆ మాట కుదుటపడనివ్వలేదు. కొద్ది రోజులకు ఒక కాలేజీలో ఆ నవల నుంచి ఒక పేజీ చదవమన్నారు. ముసలావిడ వచ్చే పేజీ తీశాను. చదువుతుంటే నోట్లో నీళ్లూరాయి, కక్కు వచ్చే ముందు ఊరినట్టు. ఆ పేజీలో ఎవరికీ చెమట పట్టదు, ఎవరూ ఎవరి నుంచీ జరగరు. అడవి మొత్తాన్ని కుంకుడుకాయతో రుద్ది, కర్పూరం బిళ్లలు వేసి మడత పెట్టినట్టు ఉంది. నా పుస్తకంలో నేను చేసింది అమ్మ చేసిన పనే. మధ్యలో ఆపి, గొంతు బాగాలేదని చెప్పి కూర్చున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

రెండో నవలకు ఏళ్లు పట్టింది. అందులో మొదటి వాక్యం నీళ్లు పైనుంచి పోసే చెయ్యి గురించి. ఆ వాక్యం రాశాక మిగతావి వాటంతట అవే వస్తాయనుకున్నాను, రాలేదు. రాయడానికి కూర్చుంటే చాలు, మళ్లీ ఆ దొడ్డి, ఆ రసం, ఆ తీపి. అన్నం సయించేది కాదు. "మీరు పుట్టిన నేల మీకు ఏమిచ్చింది?" అని సభల్లో అడుగుతుంటారు. నాకు ఇచ్చింది ముక్కు. ఒక పాత్ర గదిలోకి వస్తే నేను ముందు ఆ మనిషి ముఖం చూడను, పక్కన కూర్చున్నవాళ్లు జరిగారా లేదా చూస్తాను. ఎవరైనా దయగా మాట్లాడితే, ఆ దయ ఎంత దూరంలో నిలబడి మాట్లాడుతోందో చూస్తాను. నా కథల్లో పెళ్లి వస్తే వెనక వసారా వస్తుంది. మంచి టీచరమ్మ వస్తే ఆమె వెంట తలుపు పక్క బెంచీ వస్తుంది. ఇవి నేను ఎంచుకున్నవి కావు. ఇంకో రకంగా రాయడం చేతకాక రాసినవి.

పుస్తకం వచ్చాక పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి నానా మాటలన్నాడు. వాళ్లమ్మ పరువు తీశానట. పెద్దమ్మ పేరు ఎక్కడా లేదని చెప్తే, "వసారా ఉంది కదా, చాలదా?" అన్నాడు. అంటే ఆ వసారా వాళ్లకూ గుర్తుందన్నమాట. ఇన్నేళ్లూ గుర్తుంచుకుని కూడా మా ఇంట్లో శుభకార్యాలకు వచ్చి, అమ్మ చేతి వంట మెచ్చుకుని తిని పోయారు.

అమ్మ చదివింది. చదివి, పుస్తకం మూసి బల్ల మీద పెట్టలేదు, కింద పెట్టింది.

"నా చెయ్యి ఊరందరికీ చూపించావు" అంది.

"అమ్మా, అందులో నిన్ను తిట్టలేదు కదా."

"తిట్టి ఉంటే బాగుండేది. ఒకరు తిడితే ఇంకొకరు వెనకేసుకొస్తారు. నువ్వు ఊరికే చూపించి వదిలేశావు."

ఆ తర్వాత ఇంటికెవరొచ్చి నవల ఊసెత్తినా "అన్నీ దాని కల్పనలు" అని చెప్పేది.

ఈ మధ్య ఖమ్మంలో సన్మానం చేశారు. స్టేజీ చుట్టూ వెదురు తడికెలు, ప్లాస్టిక్ ఆకులు కట్టారు. అడవి పల్లెల నుంచి కొమ్ముల తలపాగాలతో నాట్యం చేసేవాళ్లను పిలిపించి, ముఖ్య అతిథి కారు వచ్చేదాకా గేటు దగ్గర ఎండలో నిలబెట్టారు. ఆయన వచ్చి, వాళ్లతో ఒక ఫోటో దిగి, ఏసీ హాల్లోకి వచ్చి నా పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. "మట్టివాసన! అచ్చమైన మన మట్టివాసన!" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆయన పీల్చింది కొత్త సిరా వాసన. ఆయన చదవలేదని చెప్పడానికి నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. చదివినవాడెవడూ ఆ పుస్తకాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకోడు. శాలువా కప్పించుకుని నేనూ నవ్వాను. ఫోటోల్లో ఆ నవ్వు చూస్తే నా మీద నాకే రోత.

ఆ తర్వాత ఒక వీడియో బృందం వచ్చింది. నేను పెరిగిన చోట నన్ను నడిపించి తియ్యాలన్నారు. పాత ఊరికి తీసుకుపోయాను. మా ఇల్లు, దొడ్డి ఉన్నచోట ఫంక్షన్ హాల్ లేచింది. లోపల పెళ్లి జరుగుతోంది, బిర్యానీ కోసం జనం తోసుకుంటున్నారు. "ఇది వద్దు మేడం, అడవి కావాలె" అన్నాడు కెమెరా అతను. రోడ్డు దాటించి చెట్లలోకి తీసుకెళ్లాడు. అంతా జామాయిల్. గీత గీసినట్టు వరసల్లో, ఒకే ఎత్తులో, కాగితం మిల్లు కోసం పెంచే చెట్లు. కింద గడ్డి పరక లేదు, పైన పిట్ట లేదు.

"ఇది అడవి కాదు బాబూ" అన్నాను.

"స్క్రీన్ మీద గట్లనే కనపడ్తది మేడం. మీరు చెట్టు మీద చెయ్యేసి పైకి చూడుండ్రి. చిన్నప్పటివి యాదికొస్తున్నట్టు."

వెయ్యలేదు. కారు దగ్గరికి వచ్చి కూర్చున్నాను. వాళ్లు నేను లేకుండానే ఆ చెట్లను తీసుకున్నారు. తర్వాత వీడియోలో వాటి మీద వేణువు వినిపించారు, కింద నా పేరు వేశారు. చాలామంది ఫోన్ చేసి ఎంత అందమైన బాల్యమో అన్నారు.

అమ్మకు ఆ వీడియో నచ్చింది. రెండోసారి కూడా పెట్టించుకుని చూసింది. అయ్యాక ఫోన్ నా చేతికిస్తూ, "ఇట్లాంటివి రాయొచ్చు కదే. ఇప్పుడు రాసేదైనా మంచి మనుషుల గురించి రాయి" అంది.

"ఎవరి గురించి రాయమంటావమ్మా? నువ్వే చెప్పు, రాస్తాను" అన్నాను. వెటకారానికి కాదు, నిజంగానే అడిగాను.

అమ్మ ఒకసారి నోరు తెరవబోయి ఆగింది. ఇంకోసారి ఏదో పేరు పెదవుల దాకా వచ్చినట్టే వచ్చి, తల అడ్డంగా ఊపుకుంది. ఆఖరికి రిమోట్ అందుకుని టీవీ పెట్టుకుంది.